మారిన ముక్కలు

“బ్యాకప్ల మారిన ముక్కలే కాపీ అయితయంటివి. నిన్న ఆదివారం, సెంటర్ బంద్. ఏం మారిందని గింతసేపు?” సదానందం గొంతు పెంచాడు. జనగామలోని ఆ స్కానింగ్ సెంటర్‌కు ఆయన మేనేజర్. కౌంటర్లో కంప్యూటర్లు మూలుగుతూ నడుస్తున్నాయి. బయట పేషెంట్లు సణుగుతున్నారు.

సర్వర్లు బాగుచేసే హరిలాల్ తెర చూడగానే హడలిపోయాడు. సర్వర్లో సెంటర్ ఫైళ్లన్నీ ఉండే వర్చువల్ మెషీన్‌లో రోజూ మారేది పిడికెడు, బ్యాకప్ చిటికెలో అయిపోయేది. ఇవాళ గంపెడు మారినట్టు చూపిస్తోంది.

“వైరస్సే సార్. ఫైళ్లన్నిటికీ తాళాలేసుకుంట పోతది.”

“మరి సూస్తవేంది? అవి పోతే నీ కాంట్రాక్టు గూడ పోయినట్టే!”

మారిన ఫైళ్లేంటో తెరిచి ఒకసారి చూద్దామనుకున్నాడు హరిలాల్. నిదానమే ప్రధానం అంటారు గానీ, మేనేజర్ నెత్తిమీద నిలబడితే నిదానం ఎక్కడిది? సగంలో ఉన్న బ్యాకప్‌ను ఆపి, తుడిచేశాడు. శనివారం కాపీ ఉంది. ఏ ముక్కలు మారాయో తెలుసు కాబట్టి, వాటి చోట పాతవి పెడితే చాలు. పెట్టేశాడు. టీ వచ్చేలోపు కంప్యూటర్లు కుదుటపడ్డాయి.

“బతికించినవ్ తమ్మీ!” సదానందం భుజం తట్టాడు.

అప్పుడే డాక్టర్ పద్మలత హడావుడిగా వచ్చింది. ఆమె హరిలాల్‌ను ఎప్పుడూ చూడలేదు.

“నిన్న తండాల క్యాంపు పెట్టినం సదానందం గారూ. ఎక్స్‌రేలు, పేర్లు అన్నీ సాయంత్రం నేనే వచ్చి సర్వర్ల ఎక్కించిన. క్యాంపు మెషీన్ల జాగ లేక అండ్లకెల్లి తీసేసిన. జర తెరువుండ్రి.”

“క్యాంపు వచ్చే వారమంటిరి గద మేడం!”

“కూలోళ్లు మిరపకాయలేర పోతున్నరని ముందుకు జరిపినం. పొద్దుగాల్నే లారీలెక్కి ఖమ్మం దిక్కు పోయిండ్రు.”

హరిలాల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. “అవి లేవు మేడం. వైరస్ అనుకొని నేనే తీసేసిన.”

పద్మలత కుర్చీలో కూలబడింది. “ఒక అవ్వకు ఊపిరితిత్తుల పెద్ద మచ్చ ఉండె. ఇయ్యాల్నే పెద్ద దవాఖానకు పంపాలె. పేరు యాదికి లేదు.”

“ఇప్పుడెట్ల దొరకబడ్తం మేడం?” సదానందం అడిగాడు.

“కొడుకు జనగామల కంప్యూటర్లు బాగుచేస్తడని ఒక్కతీరుగ మురిసింది. హరిలాల్ అనేటాయన మీకు ఎరుకేనా?”