మ్యాచింగ్ మాస్కు

ఫోటోలో ఆ ఆడమనిషి పాదాల పక్కన ఒక టిఫిన్ డబ్బా ఉంది. మూత మీద సొట్ట.

కుమారి వంగి మళ్లీ చూసింది. డబ్బా తన చేతిలోంచి జారినప్పుడు పడిన సొట్టే అది. పొద్దున అందులో రొట్టెలు, పప్పు పెట్టి మొగుడికి ఇచ్చింది కూడా తనే.

ఫోను పక్కింటి లింగవ్వది. సిరిసిల్ల నుంచి నవాగామ్‌కు మగ్గాల పనికి వలసొచ్చిన ఆ గల్లీ ఆడవాళ్లు సాయంత్రమైతే ఆమె గడప ముందే చేరతారు. బతుకమ్మ దగ్గరపడింది. ఈ ఏడు కరోనా కాబట్టి గుంపుగా ఆడకూడదన్నారు. ఆడకపోతే మానె, కొత్త చీర కట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదా అని లింగవ్వ వాదన. అందుకే అందరి కళ్లూ చీరల వ్యాపారి సేఠు వాట్సాప్‌లో పెట్టే చీరల మీదే. చీర కొంటే అదే రంగు మాస్కు ఉచితం.

మునుపు సేఠు చీరలు కట్టి ఫోటోలు దిగడానికి ముంబై నుంచి ఆడపిల్లలు వచ్చేవారు. రోగం భయంతో వాళ్లు మానేశారు. ఇప్పుడెవరో కొత్తామె. సగం ముఖం మాస్కులోనే ఉంటుంది. నాయనమ్మల కాలం నాటి గోచికట్టు, మోచేతులు దాటిన రవిక, కాటుక కళ్లు, జడగంటలు. ఆమెను చూసి గల్లీలో సగంమంది బుట్టచేతులు మానేసి పొడుగు చేతుల రవికలు కుట్టించుకుంటున్నారు.

“నడుం చూడుండ్రి, ఎంత సక్కగున్నదో. గిది పిల్లల్ని కన్న నడుం కాదు,” అని లింగవ్వ తీర్పు చెప్పింది. అందరూ నవ్వారు. కుమారి నవ్వలేకపోయింది.

మొగుడు అంబదాసు మగ్గాలు నడిపే షెడ్డు లాక్‌డౌన్‌లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. సేఠు గోదాములో చీరలు మడతపెట్టే పని దొరికిందని చెప్పి ఉధ్నా పోతున్నాడు. ఇంటికి రాగానే భార్యను పలకరించకుండా నేరుగా నల్లా దగ్గరికి పోయి ముఖం తోముకుంటాడు. రోగానికి భయపడుతున్నాడనుకుంది. తువ్వాలుకు నల్లటి మరక అంటితే గోదాములో మసి అనుకుంది. ముంజేతి మీద గాజు గీరినట్టు గీత కనబడితే, పెట్టె మేకు గీసుకుందన్నాడు. నమ్మింది.

అన్నిటికన్నా గుండె కోసింది మరొకటి. ఈమధ్య పొద్దున్నే తను కుచ్చిళ్లు పోసుకుంటుంటే అంబదాసు చాప మీద పడుకుని రెప్పవేయకుండా చూస్తున్నాడు. “మీ అమ్మమ్మ గోచి ఎట్ల పెడుతుండె? జర మెల్లగ చూపియ్,” అని అడిగాడు ఒకరోజు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు తన చీరకట్టు వైపు చూశాడని సిగ్గుపడుతూనే రెండుసార్లు కట్టి చూపింది. ఆ వారమే ఫోటోల్లో ఆ మనిషి ఒంటి మీద అదే గోచి. ఎడమకు ఒక మడత ఎక్కువ వేసి లోపలికి దోపడం సిరిసిల్లలో తన అమ్మమ్మకు తప్ప ఎవరికీ రాదు.

తన దగ్గర నేర్చుకుని దానికి నేర్పాడన్నమాట.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది, సేఠు ఫోటోల్లో ఉండే ఆమె ఎవరని. అంబదాసు నోటిదాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేశాడు.

“ఎవలైతే నీకేంది? గా ముచ్చట గల్లీల తియ్యకు. మన ఇజ్జత్ పోతది.”

గట్టిగా కసిరి ఉంటే కొంత ధైర్యం వచ్చేదేమో. అతను బతిమాలినట్టు అన్నాడు. అప్పుడు ఆమెకు నిజంగా భయం పట్టుకుంది. ఈ ఊళ్లో ఆమెకు పుట్టింటివాళ్లు లేరు. ఉన్నది ఇద్దరు పిల్లలు, ఈ ఒక్క మనిషి. అతనే పోతే?

మర్నాడు మధ్యాహ్నం పిల్లల్ని లింగవ్వకు అప్పగించి, రేషన్‌కు పోతున్నానని చెప్పి బయలుదేరింది. గల్లీ మొదట్లో వెదురు కర్రలు అడ్డం కట్టి ఉన్నాయి. అవతల అంబులెన్సు ఆగి ఉంది. ఎవరినో ఎక్కిస్తున్నారు. ఊపిరి బిగబట్టి దాటింది. ఆటోలో పక్కన కూర్చున్నావిడ దగ్గితే కొంగు మూతికి మరో మడత చుట్టుకుంది. రోగానికి భయపడాలో, చూడబోయేదానికి భయపడాలో తెలియలేదు.

ఉధ్నా స్టేషన్ వెనక గోదాము. షట్టరు సగం దించి ఉంది. లోపల తెల్లటి వెలుగు. కొంగు వదిలెయ్యమంటున్న సేఠు గొంతు వినబడింది. “హా, ఐసే. పల్లూ ఛోడ్ దో.”

వంగి చూసింది. చిలకపచ్చ చీరలో ఆ మనిషి అటు తిరిగి నిలబడి ఉంది. వీపు మీద జడగంటలు. నడుము దగ్గర అమ్మమ్మ గోచి. గోడ మేకుకు అంబదాసు చొక్కా వేలాడుతోంది, కింద అతని ప్యాంటు మడతపెట్టి ఉంది.

కుమారి తల బయటికి తీసుకుంది. వెనక్కి పోదామనుకుంది. చూడకుండా పోతే సాయంత్రం ఎప్పట్లా ఇంటికొస్తాడు, ఎప్పట్లా ముఖం తోముకుంటాడు. పిల్లలకు తండ్రి ఉంటాడు. అయినా షట్టరు కింద దూరి లోపల నిలబడింది.

“నా మొగడేడి?” అంది.

సేఠు చేతిలోంచి ఫోను జారింది. చిలకపచ్చ చీర గిర్రున వెనక్కి తిరిగింది. కాటుక కళ్లు కుమారిని చూసి కొయ్యబారిపోయాయి.

ఆ మనిషి మాస్కును గడ్డం కిందికి లాగింది. మీసం మీది చెమటను కొంగుతో తుడుచుకుంటూ అంబదాసు అడిగాడు, “పిల్లల్ని ఎవలకాడ ఇడిసొచ్చినవే?”