కారణం అనే గడి

మంగళవారం ఉదయం ఏడుంపావుకు ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే పైడమ్మ ఇంటి వసారాలో ఒక పిచ్చుక పడింది. దాని ఎడమ కాలు విరిగింది. పదేళ్లుగా ఊళ్లో తిరిగేవన్నీ పురుగులు పట్టే మరపిచ్చుకలే. పడినదాన్ని ఆ రోజే కంపెనీకి అప్పగించాలి.

మనవరాళ్లు జాహ్నవి, చిన్ని దాన్ని ఛార్జింగు పలక మీద పెట్టారు.

"నానమ్మా, కరెంటు ఎక్కట్లేదు" అంది చిన్ని.

పైడమ్మ అంకుడు కర్ర నుంచి సన్నటి పుల్ల చీల్చి, కాలికి లక్కతో అతికించబోయింది. వేడి తగలగానే పిచ్చుక ఆమె వేలు పొడిచింది. పైడమ్మ లక్క పక్కన పెట్టి, పుల్లను నూలుతో కట్టింది.

"గుంటా, నూకలు తే" అంది చిన్నితో.

పిచ్చుక నూకలు తింది.

నాలుగింటికి కంపెనీ మనిషి సూర్రావు వచ్చాడు.

"మీ పిచ్చుకలు నూకలు తింటాయేటి?" అని జాహ్నవి అడిగింది.

"కొత్త రకం అన్నీ తింటాయమ్మా. రెట్ట మాత్రం వెయ్యవు. ఐదింటి దాకా చూస్తాను. వెయ్యకపోతే పట్టుకుపోతాను."

అప్పగింత కాగితాన్ని పిచ్చుక కింద పరిచాడు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు.

"వెయ్యవే తల్లీ" అని చిన్ని బతిమాలింది.

"నా కొడుకు పుట్టినప్పుడూ ఇంతలా కాసుకోలేదర్రా" అంది పైడమ్మ.

నాలుగూ యాభై రెండుకు పిచ్చుక రెట్ట వేసింది.

సూర్రావు కాగితం ఆరేదాకా ఆగి, 'తీసుకోలేదు' అని రాసి సంతకం పెట్టాడు. 'కారణం' అనే గడిలో వేరే ఏమీ రాయలేదు.