దళపతి

అక్క తడిబట్టలు ఆరేస్తూ బావను దెప్పింది.

"ఫ్యాక్టరీలో పోస్టు ఒక్కటే. మీ దగ్గర పని నేర్చుకున్న నా తమ్ముడికొచ్చింది. మీరేమో లేత్ మిషను పరీక్షలో ఇనప ముక్క పాడుచేసి, ఇక్కడ కంప్యూటర్ ఆటలో రాక్షసుల్ని చంపుతారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

బావ తెర మీంచి తలెత్తలేదు. రాక్షసుడు మీదికొస్తుంటే ఆయన వీరుడు కత్తి దించేశాడు.

"అదేంటి బావా, ఒక్క వేటుకి పోయేవాడేగా?" అన్నాడు తమ్ముడు.

"నన్ను చంపితే వాడికి పదవి పెరుగుతుంది. మొన్న ఉత్త కాపలావాడు. ఇప్పుడు దళపతి."

"నీకేం ఒరుగుతుంది?"

"ఏమీ లేదు. వాడు పైకొస్తే చూడబుద్ధేస్తుంది."

తమ్ముడికి పరీక్షనాటి లేత్ కళ్ళముందు కదిలింది. అన్నేళ్ళలో ఏనాడూ వణకని బావ చెయ్యి, ఆఖరి కోతలో మాత్రం జారింది.

"బావా, ఆ రోజు..."

"టీ తాగి వెళ్ళు," అన్నాడు బావ, ఆట మళ్ళీ మొదలుపెడుతూ.

తమ్ముడు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.