పదకొండో పేరు

జర దగ్గరికి జరుగుండ్రి. ఇది గట్టిగ చెప్పుకునే ముచ్చట గాదు.

మొయినాబాద్ చర్చి గల్లీల ఎలీషా, దీవెన అని ఆలుమొగలు.

ఆ గల్లీల ఎలీషాలు ఇద్దరు. ఒకాయనను పాస్టరు ఎలీషా అంటరు. ఈయనను ఐపీ ఎలీషా అంటరు.

కోళ్ల షెడ్డు పెట్టి మునిగిండు. పదకొండు మందికి బాకీపడి, కట్టలేక, దివాలా తీసిన్నని కోర్టుల ఐపీ పెట్టిండు. ఆరేండ్ల కింది మాట. పేరు మాత్రం పోలే.

ఉన్న రెండర్రల ఇల్లు ప్రైవేటు ఫైనాన్సుల కుదువ ఉండె. నెలనెలా కట్టేదంత మిత్తికే పోతుండె. ఇంకో ఏడాదైతే ఇల్లు వాళ్లదే.

దీవెన దవాఖానల నర్సు. "నా జీతం చూపిద్దాం. ఇద్దరం సంతకం పెట్టి ఇంటిని బ్యాంకుకు మార్చుకుందాం. మిత్తి సగమైతది" అన్నది.

చేవెళ్ల బ్యాంకుల అశ్విని మేడం కంప్యూటర్‌ల ఎలీషా పేరు కొట్టి చూసింది. మొఖం మారింది.

"ఐపీ పెట్టినవా అన్నా?"

"పెట్టిన మేడం."

"కోర్టు కాయితంల పదకొండు పేర్లున్నయి. బాకీ లేదని పదకొండు మందితోని రాయించుకొని రా. నెలాఖరు దాకనే టైము. దాటితే ఫైలు వాపస్."

పదిమందికి ఎలీషా ఎప్పుడో కొద్దికొద్దిగ కట్టిండు. పది సంతకాలు నాలుగు రోజులల్ల వచ్చినయి.

పదకొండోది రాలే.

భిక్షపతి, దొంతన్‌పల్లి, లక్షన్నర. నడుమ మనిషి తెచ్చిచ్చిన పైసలవి. ఆ భిక్షపతి మొఖం ఎలీషా ఎన్నడూ చూడలే. నడుమ మనిషేమో కరోనాల పోయె. ఎవరికి కట్టాలెనో తెల్వక కట్టనే లే.

దొంతన్‌పల్లి పోయి హోటల్ కాడ అడిగిండు, ఆటోలోళ్లను అడిగిండు. "గా పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరన్నా" అన్నరు. తన ఇల్లు, బ్యాంకు సంగతి చెప్పి, దొరికితే కబురియ్యమని బతిమిలాడి వచ్చిండు.

రెండు రోజులకు ఇంటి ముంగట ఒక ముసలాయన ఆటో దిగిండు. తెల్లంగి, సంకల రెగ్జిన్ సంచి.

"ఎలీషా ఉన్నడా బిడ్డా?"

"మీరెవరు?"

"సాలోమోను అంటరు. కాయితం తెచ్చిన."

కాయితం! దీవెన గడపకు అడ్డం నిలబడ్డది. మన దిక్కు పైసలిచ్చినోడు కాయితం అన్నడంటే ప్రామిసరీ నోటే.

"లేడు తాతా. ఊరికి పోయిండు."

ఎలీషా తలుపెనుకనే ఉన్నడు, ఊపిరి బిగబట్టి.

ముసలాయన పోయినంక ఇద్దరూ కోర్టు కాయితం తీసి చూసిండ్రు. పదకొండు పేర్లల్ల సాలోమోను లేడు.

"ఈ పన్నెండోడు ఎవడయ్యా? నా కాడ దాచినవా?"

"ఏసయ్య తోడు, నాకు తెల్వదే!"

"అప్పుడు గూడ గిట్లనే అన్నవు. షెడ్డు మంచిగ నడుస్తున్నదన్నవు."

ఎలీషా ఆ పూట అన్నం ముట్టలే.

"ఈపారి బ్యాంకు అప్పుల నా పేరు గూడ రాస్తున్నరు. మునిగితే ఇద్దరం మునుగుతం" అన్నది దీవెన, మెల్లగ.

నాలుగు రోజులకు ముసలాయన మళ్లొచ్చిండు. దీవెన కిటికీలకెల్లే చెప్పింది: "ఇంకా రాలే."

ఎదురింటి గోపమ్మ ఊకుంటదా? "తాతా, ఐపీ ఎలీషా కోసమా? పో, లైనుల నిలబడు!"

ముసలాయన నవ్వలే. "గట్లనొద్దు చెల్లె. పడ్డోడు చెడ్డోడు కాడు."

దీవెనకు ఇంకింత భయమైంది. తియ్యగ మాట్లాడేటోడు అసలుతోని పోడు, మిత్తి గూడ గుంజుతడు.

మూడోపారి మిట్టమధ్యాహ్నం వచ్చిండు. ఆయాసం. మెట్ల మీద కూసోని కూసోని, కిటికీ చువ్వల నడుమ కెల్లి కాయితం లోపలికి చాపిండు.

"పోనీ నువ్వే తీసుకో బిడ్డా. రెండు మాటలే, చదువుకో."

దీవెన చేతులు ఎనుకకు పెట్టుకున్నది. కాయితం అందుకుంటే అప్పు ఒప్పుకున్నట్టేనని మనోళ్ల లెక్క గదా.

"మా ఆయన వచ్చినంక రాండ్రి తాతా."

"సరే, వస్త తియ్యి."

మళ్ల రాలే. బతికినం అనుకున్నరు.

నెలాఖరుకు మూడు రోజులున్నయి. పదకొండో సంతకం లేదు. "ఈపారి నేనే అడుగుత, నడువు" అని దీవెన బండెక్కి కూసున్నది.

దొంతన్‌పల్లి మలుపు కాడ కొత్త ఫ్లెక్సీ కట్టి ఉన్నది. దండ ఏసిన ఫోటో. తెల్లంగి.

"బండి ఆపు" అన్నది దీవెన.

ఫోటో కింద పెద్దక్షరాలు: సాలోమోను. దాని కింద చిన్నగ: బాప్తిస్మానికి ముందు, భిక్షపతి.

ఇద్దరూ ఆ ఎండలనే ఆయన ఇల్లు అడుక్కుంట పోయిండ్రు.

ఇంట్ల ఆయన భార్య ధనమ్మ చాప పరిచింది.

"మా ఆయన పాత పేరు ముసలోళ్లకే ఎరుక బిడ్డా. ఎవరో ఎతుకుతున్నరని హోటల్ కాడ విని తనే బయలెల్లిండు. గుండె మంచిగ లేదు, వద్దంటే ఇనలే. పాపం ఆ పిల్లడు ఎన్నడు పోయినా ఇంట్ల ఉండడు, ఎంత కష్టపడుతున్నడో అనుకుంట వచ్చెటోడు."

ఎలీషా నేల మీదికి చూసిండు. "లక్షన్నర కడుత అవ్వా. వాయిదాలల్ల కడుత."

"వాచ్‌మన్ పని చేసి కూడబెట్టిన పైసలవి. అయినా ఆయన రాసినదాన్ని నేను కొట్టెయ్యనా?" అని ధనమ్మ, ఆయన పాత పేరుతోని సంతకం పెట్టి పోయిన కాయితం ఇచ్చింది.

నెలాఖరు రోజు చేవెళ్లల అది చాలింది. ఇల్లు నిలిచింది.

మీరు ఈ ముచ్చట యాదుంచుకోండ్రి, నలుగురికి చెప్పండ్రి. ఆ కాయితంల ఉన్న రెండు మాటలు గూడ చెప్పండ్రి: "ఎలీషా నాకు బాకీ లేడు. ఆయన మంచోడు, బ్యాంకోళ్లకు నేను జామీను."