వీపు బొమ్మలు

“ముఖం ఎందుకు లేదు? మళ్లీ చెప్పు,” అన్నాడు శ్రీనివాసులు.

రామలక్ష్మమ్మ చేతిలోని రవ్వ చేట కింద పెట్టింది. “బిడ్డ గీసింది అమ్మ వీపు కాబట్టి.”

“వీపని ఎట్ల తెలిసింది?”

“కొప్పు గీసింది కదా. కొప్పు కనపడల్లంటే వెనకనుంచే చూడల్ల.”

“చిన్నబిడ్డలకు కండ్లు గీసేకి రాదేమో అంటే?”

“అదే కాగితం మీద మేకకు కండ్లు పెట్టినారు. అమ్మకే పెట్టలేదు.”

శ్రీనివాసులు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. అతను కర్నూలు కాలేజీలో తర్కం చెబుతాడు. ప్రశ్నలు అడగడం అతనికి అలవాటే. భార్యను నాలుగు రోజులుగా ఇలాగే అడుగుతున్నాడు.

పది గంటలకు మదరాసు నుంచి పరీక్షకుడు వస్తాడు. మనస్తత్వ శాస్త్రంలో డాక్టరు పట్టాకు నోటి పరీక్ష. మదరాసులో కాపురం పెట్టనక్కర లేదు, తీరిక దొరికినప్పుడే రాసుకోవచ్చు, ఆరేళ్లలో ముగిస్తే చాలు అన్నారు. ఆరో ఏడు వచ్చే నెలతో అయిపోతుంది. ఈ పూట తప్పితే ఇంక దారి లేదు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఊళ్లో ఖాళీ గది దొరకడం లేదు. అందుకని పరీక్ష ఇంట్లోనే పెట్టడానికి ఆయన ఒప్పుకున్నాడు.

ఆరేళ్లూ రామలక్ష్మమ్మ పప్పు ఉడికేలోపల ఒక పేజీ, బట్టలు ఆరేలోపల ఒక పేజీ రాసింది. నెలకొకసారి కోసిగి అనే ఊరికి పోయింది. వాన పడని ఏళ్లలో అక్కడి తల్లులు కూలికి దూరదేశం పోతారు. బిడ్డలు అవ్వల దగ్గర ఉంటారు. వాళ్ల చేతికి కాగితం, బొగ్గుముక్క ఇచ్చి, “మీ అమ్మను గీయండి,” అని కూర్చునేది. రాసిందంతా టైపు కొట్టించి, అట్టలు కట్టించింది శ్రీనివాసులు.

“కుర్చీ యాడ పెట్టల్లమ్మా?” అంటూ పక్కింటి వెంకటలక్ష్మమ్మ వచ్చింది. బట్టలంగడి కేశవయ్య భార్య. “రేపట్నుంచి నిన్ను పేరు పెట్టి పిలిచేకి లేదు. డాక్టరమ్మా అనల్ల.”

“ఇంకా కాలేదు లే అక్కా.”

“అయితాది. నా మోకాలికి మందు ఇస్తావా మరి?”

“ఇది మనసు డాక్టరు. మోకాలికి పనికిరాదు.”

“అట్లయితే మా ఆయన్ని పంపిస్తా,” అని నవ్వుకుంటూ పోయింది.

శ్రీనివాసులు కాగితం తిప్పాడు. “తెలీనిది అడిగితే?”

“తెలీదనే చెప్పల్ల. బిడ్డలు నాకు అట్లే చెప్పినారు.” మళ్లీ అంది, “కోసిగి గురమ్మవ్వ పేరు ముందుమాటలో రాసింటి. టైపులో లేదు.”

“పేజీ పెరిగిందని తీసేస్తి. కూలామె పేరు ఎవరు చదువుతారు?”

“బిడ్డల్ని ఒక్కొక్కర్నీ పిలుచుకొచ్చింది ఆమెనే. ఆమె లేకుంటే ఈ పుస్తకమే లేదు.”

“ఒక్క పేరే కదా.”

“ఒక్క పేరే,” అంది రామలక్ష్మమ్మ. చేట తీసుకుని లేచింది. “భయంగా ఉండాది.”

“నాకూ,” అన్నాడు శ్రీనివాసులు.

పరీక్షకుడు జట్కా దిగేసరికి ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని వాకిట్లో ఉన్నారు. ముసలాయన. తెలుగువాడే. ఉప్మా తిని, కాఫీ తాగి, సంచిలోంచి వ్యాసం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఈ బొమ్మల అధ్యాయం చదివి, మా మనవరాలికి కాగితం ఇచ్చి చూశాను. ముప్పై ఏళ్లుగా ఈ శాస్త్రం చెబుతున్నాను. పిల్లల పక్కన నేల మీద కూర్చుని చూసినవాళ్లకు తప్ప ఇది తోచదు.”

ఆరేళ్లలో ఆ మాట అన్న మనిషి ఆయన ఒక్కడే. రామలక్ష్మమ్మ ఖాళీ గ్లాసు తీసుకోబోయి మరిచిపోయి అట్లే నిలబడింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “మొదలుపెడదాం. నియమం ప్రకారం గదిలో అభ్యర్థి ఒక్కరే ఉండాలి. తక్కినవారు బయట కూర్చోవాలి.”

ఆయన ఒళ్లోని వ్యాసం అట్ట మీద ఉన్నది శ్రీనివాసులు పేరు. రామలక్ష్మమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.