తొంభై నాలుగో బండి

వెనక వ్యాను మళ్ళీ లైట్లు కొట్టింది.

పళ్ళ డాక్టరు అద్దంలో చూసి నవ్వుకున్నాడు.

"నీ అభిమాని వదిలేలా లేడు నాన్నా," అంది పక్క సీట్లో కూతురు.

"ఫొటో కోసం. తీసుకోనీ పాపం."

వేగం తగ్గించి, బండి ఎండలోకి వచ్చేలా కాస్త పక్కకి జరిపాడు.

ఇది ఆయనకు అలవాటే. ఆ రకం స్పోర్ట్స్ కార్లు మొత్తం చేసినవే నూట ఇరవై. చేసిన కంపెనీ మూతపడి ఎనిమిదేళ్ళు. ఎక్కడ ఆగినా చుట్టుపక్కల ఫోన్లు పైకి లేస్తాయి.

ఆ బళ్ళున్న పదహారు మంది ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ వారం మన బండి ఇంకోటి ఎవరికైనా కనిపించిందా?"

పదిహేను "లేదు"లు వస్తాయి.

డాక్టరుకు పదకొండేళ్ళలో కనిపించినవి రెండు. అందులో ఒకటి లారీ మీద పోతోంది.

వ్యాను ఈసారి హారన్ కొట్టింది.

"నాన్నా, ఆయన చెయ్యి ఊపుతున్నాడు."

"నువ్వూ ఊపు."

అమ్మాయి ఊపింది. ఇంజను చప్పుడు కూడా విననీ అని డాక్టరు యాక్సిలరేటర్ తొక్కాడు.

రెండు మలుపుల తరవాత సిగ్నల్ పడింది. వ్యాను వచ్చి కారుకి అడ్డంగా ఆగింది.

అరవై దాటిన మనిషి దిగాడు. చేతులకి గ్రీజు. వచ్చి అద్దం మీద కొట్టాడు.

"మెల్లగా, మరకలు పడతాయి." డాక్టరు అద్దం దించాడు. "ఫొటోనేగా? తీసుకోండి. లోపల కూర్చుంటానంటే మాత్రం కుదరదు."

"ఇంజను ఆపండి."

"ఏంటి?"

"ముందు ఇంజను ఆపి దిగండి. అమ్మా, నువ్వూ దిగు. దూరంగా వెళ్ళి నిలబడు."

డాక్టరు ఇంజను ఆపి తాళం గుప్పిట్లో బిగించాడు. బళ్ళు ఇలా కూడా పోతాయని గ్రూపులో ఎవరో రాశారు.

"ఎవరయ్యా నువ్వు? నడిరోడ్డు మీద దిగమంటావేంటి?"

"పెట్రోలు కారుతోంది. మూడు కిలోమీటర్ల నుంచి చూస్తున్నా, మీ వెనక రోడ్డంతా తడి గీత."

అమ్మాయి అప్పటికే దిగి వెనక్కి వెళ్ళింది.

"నాన్నా, దిగు."

ఆ గొంతు విని దిగాడు. కింద పడుతున్నది చుక్కలు కాదు, సన్నటి ధార. కాలుతున్న సైలెన్సర్‌కి బెత్తెడు దూరంలో.

ఇందాక యాక్సిలరేటర్ తొక్కింది తనే. పక్క సీట్లో కూర్చున్నది కూతురు.

ముగ్గురూ కలిసి బండిని రోడ్డు పక్కకి తోశారు. పెద్దాయన వ్యానులోంచి మంటలార్పే సిలిండర్ తెచ్చి అమ్మాయికిచ్చాడు.

"పట్టుకో. అవసరం పడదులే." డాక్టరు వైపు తిరిగాడు. "ఇంజను మూత తెరవండి."

"నా మెకానిక్ తప్ప వేరే ఎవరూ..."

"రోజంతా ఊరందరి నోళ్ళూ తెరిపిస్తావు. ఒక్క మూత తెరవలేవా నాన్నా?"

తెరిచాడు. చల్లారేదాకా ముగ్గురూ ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు.

"ఇలాంటిది ఇంకోటి ఎక్కడైనా చూశారా?" అడిగాడు పెద్దాయన.

"రెండు చూశాను," అన్నాడు డాక్టరు, కాస్త గొప్పగానే. "మీరో?"

"మీదాంతో తొంభై నాలుగు."

డాక్టరు కూతురికి కన్ను గీటాడు.

"ఆ రెండూ ఎక్కడ?" పెద్దాయన జేబులోంచి పుస్తకం తీశాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఈ బండి నంబరూ రాసుకున్నాడు.

పనీపాటా లేని మనిషి, అనుకున్నాడు డాక్టరు. రైలు పెట్టెలు లెక్కపెట్టే బాపతు.

ఇంజను చల్లారింది. పెద్దాయన వంగి కూడా చూడలేదు. చెయ్యి పెట్టి, తడిమి, పెట్రోలు గొట్టం ఒకటి బయటికి లాగాడు. గోరంత పగులు.

"అక్కడే ఉందని మీకెలా తెలుసు?" అంది అమ్మాయి.

"అన్నిటికీ అక్కడే వస్తుందమ్మా."

వ్యానులోంచి కాగితంలో చుట్టిన కొత్త గొట్టం తెచ్చాడు. పాత దారిన కాకుండా, సైలెన్సర్‌కి దూరంగా, అవతలి పక్కనుంచి తిప్పి బిగించాడు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి."

ముగ్గురూ వంగి చూశారు. అయిదు నిమిషాలు చూశారు. ఒక్క చుక్క లేదు.

అమ్మాయి పకపకా నవ్వింది. డాక్టరుకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మీకేం ఇవ్వమంటారు?"

"ఏం వద్దు."

"కనీసం కాఫీ?"

"ఇంకా ఇరవై ఆరున్నాయండీ."

వెళ్ళబోతూ బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగాడు. వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

డాక్టరు గుడ్డ తీసి ఆ చేతి మరక తుడిచాడు.

"పేరైనా అడగలేదు మనం," అంది కూతురు.

ఆదివారం ఆయన గ్రూపులో జరిగిందంతా రాశాడు. "తొంభై నాలుగు చూశాడట!" అని చివర్న చేర్చాడు.

ఎవరూ నవ్వలేదు.

"పాత వ్యానేనా? పోయినేడు మా ఇంటికొచ్చి నాదీ మార్చాడు."

"నాదీ."

"నేను గేటు దగ్గరే పొమ్మన్నాను. ఆయన నంబరుందా ఎవరి దగ్గరైనా?"

ఎవరి దగ్గరా లేదు.

"ఫరవాలేదు. గొట్టం ఎక్కడో తెలిసిందిగా, రేపే మార్పిస్తా."

డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆఖర్న, ఎప్పుడూ "లేదు" తప్ప ఇంకేం రాయని సభ్యుడొకడు రాశాడు.

"నేను ఆ కంపెనీలో ఆయన కింద పనిచేశాను. ఈ బండి డిజైన్ గీసింది ఆయనే, ఆ గొట్టాన్ని సైలెన్సర్ పక్కనుంచి వేసిందీ ఆయనే."