నాడె దెబ్బ

"సాంచ మీంచి నాడె ఎగిరొచ్చి మూతికి తగిలింది మేడమ్," పళ్ల డాక్టర్‌తో అంది ఆరతి, ఊడిన ముందుపళ్ల సందుకు కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ మాట పొద్దున అత్త యమునాబాయి నేర్పిందే. దాజీ పేట్‌లో ఇంటింటా సాంచలే, అంటే మరమగ్గాలే. వాటిలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె దెబ్బంటే ఎవరూ అడ్డుప్రశ్న వేయరు.

బయట బండి హారన్ మోగింది. మొగుడు సుమిత్‌ది. ఆరతి ఉలిక్కిపడింది.

డాక్టర్ హర్షద లైటు దగ్గరకు జరిపి చూసింది. "రెండు పోయినయ్. కట్టుడుపండ్ల బ్రిడ్జి పెట్టాల్నంటే అటొకటి ఇటొకటి మంచి పండ్లు జర అరగదియ్యాలె."

"మంచియి గూడనా?" ఆరతి కుర్చీలో వెనక్కి జరిగింది.

"భయపడకు బిడ్డా." పక్కనే కూర్చున్న యమునాబాయి తన పై పెదవి ఎత్తి చూపించింది. "ఇది గూడ బ్రిడ్జే. పెండ్లయిన కొత్తల్నే పోయినయ్ నాయి. పోయినేడు పెట్టిచ్చుకున్న."

"మీకెట్ల పోయినయ్ మావ్‌శీ?" అడిగింది డాక్టర్.

"నాకు గూడ నాడెనే తగిలింది."

ఆరతి మెల్లగా అత్త వైపు తిరిగింది. "నువ్వెన్నడు సాంచల దగ్గరికి పోయినవ్ అత్తా? పుట్టినకాడికెళ్లి బీడీలే చుట్టిన అంటవు గద?"

యమునాబాయి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

తలుపు తోసుకుని సుమిత్ తల లోపలికి పెట్టాడు. "ఇంకెంతసేపు?"

ఆరతి నోరు గట్టిగా మూసుకుంది.

యమునాబాయి లేచింది. కొడుకు మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.

"నాడె కాదు మేడమ్. నాకు మొగడు, దీనికి నా కొడుకు."